నేను పారబోసిన కూర

లచ్చవ్వా,

నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. నేను, పిల్లలిద్దరూ ఉన్నాం. బాగున్నామని రాయడానికి చెయ్యి రావడం లేదు... ఉన్నాం, అంతే.

మెట్‌పల్లిలో నూలు ఇప్పటికీ సరిగా దొరకడం లేదు. వారంలో మూడు రోజులు మగ్గం ఊరికే ఉంటోంది. రేషన్ బియ్యం సగం నెలకే అయిపోతుంది. ఆ తర్వాత సర్కారు ఇచ్చే ఎర్ర జొన్నలే.

మన చిన్నది భూదవ్వ సంగతి నీకు చెప్పాలి. దసరా పోయిన తర్వాత ఒక సాయంత్రం, ఇంట్లో నడుస్తూ నడుస్తూ మగ్గం గుంటలో పడింది. కళ్లు నెత్తిమీద పెట్టుకుని నడుస్తున్నావా అని తిట్టాను. మర్నాడు అన్నం ముందు కూర్చుని చేత్తో నేలంతా తడుముతోంది. దీపం ఇంకా ఎందుకు పెట్టలేదని నన్నే అడిగింది.

దీపం దాని ఎదురుగానే వెలుగుతోంది, లచ్చవ్వా.

కరీంనగర్ దవాఖానాకు తీసుకుపోయాను. ఏం తింటారని డాక్టరమ్మ అడిగింది. అన్నం, పచ్చిపులుసు అని చెప్పాను. సగం నెలైనా తెల్లన్నం పెడుతున్నానని లోపల గర్వం కూడా ఉండింది. ఆమె పిల్ల కనురెప్ప ఎత్తి చూసి, ఇంకో నెల ఆగితే చూపు పూర్తిగా పోయేదంది. మందు ఇచ్చింది. కొనే పని లేదు, చేలల్లో దొరికే ఆకుకూర ఏదైనా సరే, రోజూ ఒక చుక్క నూనె వేసి పెట్టమంది.

బస్సులో వచ్చినంతసేపూ ఆ రోజే గుర్తుకొచ్చింది...

నువ్వు మిరప చేనులో కలుపు తీసి, కొంగు నిండా గంగవాయిలి కూర తెచ్చావు. అరుగు మీద నూలు షావుకారు కూర్చుని ఉన్నాడు. గడ్డి తినే గతి పట్టిందా మనకు అని, ఆయన చూస్తుండగానే నీ కొంగు లాగి మురికినీళ్ల మోరీలో పారబోశాను. అప్పుడు నీకు ఆరో నెల.

నువ్వు అరవలేదు. "గడ్డి గాదు గిది. పైస పెట్టకుంట దొరికే బలం. పిల్లలకన్న పెట్టనియ్యి" అన్నావు.

నేను పెట్టనియ్యలే.

కాన్పునాడు మంత్రసాని బయటికొచ్చి, నీ ఒంట్లో రక్తమే లేదంది. పసిగుడ్డు కూడా నీ వెంటే పోయింది. ఆ కూర తిని ఉంటే నువ్వు బతికేదానివా? ఎవరిని అడగను?

ఇప్పుడు నేనే చేలకు పోతున్నాను. మొదటి రోజు కలుపు తీసేవాళ్లు నవ్వారు. తర్వాత ఒక ముసలమ్మ ఏది తినేదో, ఏది కాదో చూపించింది. గంగవాయిలి, తోటకూర, పక్కింటి వాళ్ల మునగాకు... గుప్పెడు పెసర్లు వేసి ఉడికిస్తున్నాను. గంజి వార్చడం మానేశాను. అన్నం చాలని రోజు రాగిపిండితో తైదంబలి కాస్తున్నాను. మునగాకు చేదని భూదవ్వ ఏడుస్తుంది. ఏడుస్తుంటేనే పెడుతున్నాను.

నెలన్నర అయ్యాక, పొద్దు గూకే వేళ అది మగ్గం మీద తెగిన పోగు చూసి వేలు పెట్టి చూపించింది. దాని వేలు పట్టుకునే ఆ పోగు ముడేశాను. ఎడమ కంట్లో మాత్రం తెల్లమచ్చ ఉండిపోయింది. అది ఇక పోదట.

ఇంకొక్క మాట. ఇది చెప్పడానికే అసలు కూర్చున్నాను.

మాకు వడ్డించేది పెద్దది రాజవ్వే. పదేళ్ల పిల్ల, తాను తర్వాత తింటానంటుంది. నేను పట్టించుకోలేదు. మొన్న తువ్వాల మరిచి లోపలికి తిరిగి వస్తే, అది ఖాళీ గిన్నెను వేలితో తుడిచి నాకుతోంది. పైనుంచి చెంబెడు నీళ్లు తాగింది. ఇదేందని అడిగితే, నువ్వు నేర్పిన మాటే చెప్పింది. "మొదలు బాపుకు, తర్వాత చెల్లెకు. మిగిలింది మనకు."

ఏమన్నా మిగిలేదా, లచ్చవ్వా? ఇన్నేళ్లు నేను ఒక్కనాడు కూడా గిన్నెలోకి తొంగి చూడలేదు...

నిన్నటి నుంచి గిన్నె నా దగ్గర పెట్టుకుంటున్నాను. మొదటి ముద్ద రాజవ్వకు. అది కడుపునిండా తిని లేచిన తర్వాతే నా కంచం. ఎంత కష్టమొచ్చినా ఈ మాట తప్పను.

మల్లేశం