ఎదురుచూసే దృశ్యం

ప్రియమైన కళ్లజోడుకి,

నువ్వు అక్కడ షాపులో కూర్చుని ఊళ్లోవాళ్ల ముక్కుల మీద కళ్లజోళ్లు సరిచేస్తుంటే, నేనిక్కడ అట్టగోడల ఇంట్లో కాపురం చేస్తున్నాను. ఈ సీరియల్లో నా ఇంటికి మూడే గోడలు. నాలుగో వైపు కెమెరా. కుళాయి తిప్పితే నీళ్లు రావు.

ఇవాళ అన్నం తినే సీను ఏడుసార్లు తీశారు. ఏడోసారికి ముద్ద గొంతులో అడ్డుపడింది. నా భార్యగా వేస్తున్న అమ్మాయి కంగారుపడి మంచినీళ్లు అందించింది. డైరెక్టరు "కట్! నీళ్లివ్వడం స్క్రిప్టులో లేదమ్మా!" అని అరిచాడు. నువ్వయితే స్క్రిప్టు చూసుకుని ఇచ్చేదానివా?

ఇంటికి వచ్చి నాలుగు నెలలు దాటింది. ఫోన్ చేస్తే "బాగున్నా" అని ఊరుకుంటావు. అందుకే ఉత్తరం రాయమని నీ ప్రాణం తీస్తున్నాను. రెండు ముక్కలైనా రాయి.

శుక్రవారం భాగం తప్పకుండా చూడు. అందులో నేను రెండు నిమిషాలే ఉంటాను. అయినా చూడు.

అమ్మను అడిగానని చెప్పు.

నీ
మూడు గోడల మొగుడు

*

నటుడుగారికి,

శుక్రవారం అత్తయ్యా నేనూ టీవీ ముందు కూర్చున్నాం.

పని మీద ఊరెళ్లిన భర్త కోసం ఆ అమ్మాయి కిటికీ దగ్గర నిలబడింది. కుడిపాదం ఎడమపాదం మీద వేసుకుంది. చేతిలో గుడ్డను నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. అత్తయ్య టీ గ్లాసు కింద పెట్టేసి, "ఏమే, అచ్చు నువ్వే కదే! ఈ పిల్ల నిన్నెక్కడ చూసింది?" అంది.

మర్నాడు షాపులో ఇద్దరు ఆడవాళ్లు ఆ సీను తలుచుకుని కళ్లు ఒత్తుకున్నారు. నేను వాళ్ల అద్దాలు తుడిచి ఇచ్చాను.

ఆ మడతపెట్టడం నాదండీ. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్న పదిహేను రోజుల్లో వచ్చిన అలవాటు. మీరొక్కరే చూశారనుకున్నాను. ఎవరినడిగి ఇచ్చారు?

ఇంట్లో అందరం బాగానే ఉన్నాం.

ఇట్లు,
మీ సీనులోని మనిషి

*

ప్రియమైన కళ్లజోడుకి,

'ప్రియమైన' మానేశావు. చూశాను.

ఇచ్చింది నేనే. తప్పే. ఆ అమ్మాయికి పెళ్లి కాలేదు. గ్లిజరిన్ పెట్టుకుని నాలుగుసార్లు ఏడ్చింది, ఒక్కటీ కుదరలేదు. చివరికి నా దగ్గరికొచ్చి, "ఇంట్లో ఉన్న మనిషి ఎలా ఎదురుచూస్తుందండీ?" అని అడిగింది. నాకు తెలిసినదానివి నువ్వొక్కదానివే. లేచి చేసి చూపించాను. చూపిస్తుంటే నువ్వు నా పక్కనే ఉన్నట్టనిపించింది. అందుకే ఇంకా ఇంకా చూపించాను.

నీకెప్పుడూ చెప్పని మాటొకటి చెబుతాను. నాన్న పోయిన రోజు ఏడుస్తూనే, నా చేతులెలా వణుకుతున్నాయో గమనించుకున్నాను. తర్వాత ఆ వణుకును మూడు నాటకాల్లో వాడాను. చప్పట్లు కూడా కొట్టారు. ఇంటికొచ్చి అన్నం సయించక పడుకున్నాను. చూసినదాన్ని ఊరికే పోనివ్వని బుద్ధి ఇది. అది లేకపోతే ఈ పనికి పనికిరాను. ఉంటే ఇంట్లోవాళ్లకు పనికిరాకుండా పోతున్నానేమోనని భయం.

ఇంకో సంగతి. సీరియల్ బాగా ఆడుతోంది. ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారు. వచ్చే నెల పదో తేదీకి మాట చెప్పాలి. నువ్వేమంటావు?

నీ
దొంగ

*

ప్రియమైన నటుడుగారికి,

నిజం చెప్పారు కాబట్టి సగం కోపం పోయింది. మిగతా సగం వినండి.

నేను ఎదురుచూస్తుండగా మీరెప్పుడూ చూడలేదు. చూడలేరు కూడా. నేను ఎదురుచూసే వేళ మీరుండరు కదా! మీరు ఆ అమ్మాయికి నేర్పింది అమ్మ కోసం నేను పడ్డ భయం. అది వేరు.

మీకోసం నేను కిటికీ దగ్గర నిలబడను. అంత తీరికెక్కడిది? వారానికోసారి మీ దిండు ఎండలో వేసి దులుపుతాను. మీ చెప్పులు ఊడ్చేటప్పుడు జరిపి, మళ్లీ అక్కడే పెడతాను. షాపులోకి మీ అంత పొడుగు మనిషి వస్తే, ఆయన అడక్కముందే అద్దం పైకి జరుపుతాను. ఎదురుచూడడమంటే నాకింతే. కెమెరాకు పనికొచ్చేది ఒక్కటీ లేదు.

రెండేళ్ల సంగతి మీ ఇష్టం.

మీ
కళ్లజోడు

*

ప్రియమైన కళ్లజోడుకి,

మూడు వారాలుగా రాయలేదు. ఎలా రాయాలో తెలియక.

గురువారం షూటింగ్ లేదు. చెప్పకుండా బస్సెక్కి వచ్చాను. నువ్వు అద్దం జరపడం చూడాలనిపించింది. మీ షాపుకు ఎదురుగా, మందుల షాపు మెట్ల మీద అరగంట నిలబడ్డాను. లోపల ఒక పెద్దాయనకు నువ్వు ఫ్రేము పెడుతున్నావు. ఆయనేదో అన్నాడు. నువ్వు తల వెనక్కి వాల్చి నవ్వావు. నీ నవ్వు అంత పెద్దదని నేను మర్చిపోయాను.

రోడ్డు దాటడానికి రెండుసార్లు అడుగు వేశాను. నేను లోపలికి వస్తే ఆ నవ్వు ఆగిపోయి, "ఎప్పుడొచ్చారు, భోంచేశారా" మొదలవుతుంది. నేను లేకుండానే నిండుగా ఉన్న సీనులోకి ఎందుకు దూరాలి అనిపించింది. అమ్మను కూడా చూడకుండా తిరుగు బస్సెక్కాను.

పదో తేదీన ఒప్పుకుంటాను. నువ్వు బాగున్నావు. ఫోన్లో చెప్పేది నిజమేనన్నమాట.

నీ
మొగుడు

*

ప్రియమైన మీకు,

ఇవాళ తొమ్మిదో తేదీ. ఈ ఉత్తరం బస్సులో రాస్తున్నాను, అక్షరాలు కుదురుగా లేవు.

కళ్లజోళ్ల షాపులో గోడ నిండా అద్దాలే. మీరు మెట్లెక్కి నిలబడ్డ క్షణంలోనే కనపడ్డారు. ఒక అద్దంలో కాదు, అయిదింటిలో. చిక్కిపోయారు.

ఆ పెద్దాయన నాతో అన్నది "ఎడమ చెవి దగ్గర నొక్కుతోందమ్మా" అని. అందులో నవ్వడానికేం లేదు. మీరు చూస్తున్నారని నవ్వాను. "చెవి నొప్పంటే నవ్వుతావేమిటమ్మా?" అని ఆయన నొచ్చుకున్నారు. మీరు లేకపోయినా నేను చెడిపోలేదని చూపించాలన్న పంతం. ఆ నవ్వు చూసైనా తలుపు తోసుకుని వస్తారన్న ఆశ. రెండూ కలిపి అరగంట నటించాను. పాతికేళ్లుగా అదే పనిలో ఉన్న మీరు పట్టుకోలేకపోయారు.

మీరు మెట్లు దిగారు. వస్తున్నారనుకుని ఫ్రేము తుడుస్తూ నిలబడ్డాను. తలెత్తేసరికి మెట్లు ఖాళీ. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు చివరిదాకా పరిగెత్తాను. బస్సు మలుపు తిరిగిపోయింది.

రెండేళ్ల సంగతి మీ ఇష్టమని రాశాను చూడండి, అదీ నటనే. నాకిష్టం లేదు. మీ పని మానుకోమనడం లేదు. అది లేకపోతే మీరు మీరు కారు. కానీ నన్ను ఇక్కడ వదిలేసి మాత్రం ఒప్పుకోకండి. చూపు ఆననివాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. నాకక్కడ పని దొరక్కపోదు. అత్తయ్యను అడిగాను. "ఇన్నాళ్లకు నోరు విప్పావు. వెళ్లి వాడి చెవి పట్టుకుని చెప్పు, నా పెట్టె నేను సర్దుకుంటాను" అంది.

దీన్ని పోస్టులో వెయ్యను. రేపు పొద్దున మాట చెప్పడానికి మీరు సీరియల్ ఆఫీసుకు బయల్దేరకముందే మీ గది తలుపు కొట్టి, చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంటాను. ఇంతసేపూ నన్ను చూడకుండా ఇది చదివారు.

చాలు. ఇక తలెత్తండి.

మీ
నేను