ఒక్క రోజు ముందు

కాదమ్మా, కారు ఎక్కనని నేనేం గొడవ చెయ్యలేదు. బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకున్నా, అంతే. నువ్వడగలేదు గానీ నేనే చెప్తున్నా. ఇంకెవరైనా ఇంకోలా చెప్తారేమోనని.

సరే, ముందు బాగోగులు. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, మా మేస్త్రీ. నువ్వెలా ఉన్నావ్? ఇప్పుడు నీ దగ్గరున్న చెల్లి ఎలా ఉంది? ముక్కలు ముక్కలుగా పంపుతున్నా, ఫోను టింగు టింగుమంటుంటే తిట్టుకోకు. మిషన్ ఆపి చదువు. తప్పులుంటే నువ్వే సరిచేసుకో, జాకెట్లకి చేస్తావు కదా.

నువ్వడిగినవి చెప్తా. తింటున్నా. చెయ్యి కాలింది మానింది, మచ్చ మాత్రం ఉంది. పడుకోడం షెడ్డులోనే, మేస్త్రి ఫ్యాన్ పెట్టించాడు, గాలి కంటే చప్పుడెక్కువ. ఇంక మీటింగులో నోరు విప్పావా లేదా అనడిగావ్ చూడు, అది చెప్పాలంటే కారు దగ్గర్నుంచి మొదలెట్టాలి.

నాలాగా హోముల్లో, వేరేవాళ్ల ఇళ్లల్లో పెరిగి బయటికొచ్చినోళ్లని పిల్లల సంక్షేమం ఆఫీసోళ్లు పిలిచారని చెప్పా కదా. పిల్లల్ని చూసుకునే పద్ధతిలో ఏం మార్చాలో మీరే చెప్పండి అన్నారు. బస్సులో వస్తానన్నా. వాళ్లేమో మర్యాద చేద్దామని చెప్పకుండా కారు పంపారు. అదే తెల్లకారు, డోరు మీద ఆఫీసు ముద్ర ఉంటుంది చూడు. నేను బండి కింద పడుకుని నట్టు తిప్పుతున్నా. ఆ డోరు కనపడింది. ఇంక నా కాళ్లు నన్నడగలేదమ్మా.

మేస్త్రి తలుపు కొడుతున్నాడు. "రేయ్, మీసాలొచ్చాయి కదరా నీకు! నిన్నెవడు ఎత్తుకుపోతాడు?"

డ్రైవరు పాపం మంచోడే. "బాబూ, మీటింగుకే బాబూ, ఒట్టు" అంటున్నాడు.

సిగ్గుతో చచ్చిపోయా. కానీ దార్లో సిగ్గు పోయి మంటెక్కింది. ఎందుకు దాక్కున్నా నేను? ఆ కారు ఒక్క పని మీదే వస్తుంది. ఒక ఇంట్లో ఉన్న పిల్లోణ్ణి తీసి ఇంకో చోట పెట్టడానికి. అదీ ఇంటికి రాదు, బడికొస్తుంది. ఇంటికొస్తే తలుపు పట్టుకుని ఏడుస్తారని. ఆఫీసోళ్లు పెంచమని నీకిస్తే నీ దగ్గర మూడేళ్లున్నా. ఐదో క్లాసులో భాగహారం చేస్తుంటే ప్యూను వచ్చి, బ్యాగు కూడా తెచ్చుకోరా అన్నాడు. అంతే. ఇప్పటికీ నాకు భాగహారం సగమే వచ్చు. తర్వాత ఎన్ని చోట్లకి మార్చినా మిగతా సగం ఎవరూ చెప్పలేదు.

మీటింగులో పెద్ద బల్ల, ఏసీ, బిస్కెట్లు. మేడం మైకు నా చేతికిచ్చి, "భయపడకు నాన్నా, నీ కథ చెప్పు" అంది. కథంట! నేనేమన్నా బుర్రకథ చెప్పడానికొచ్చానా? నా సంగతి నీకు తెలుసు కదా, పక్కింటోళ్లు పేరడిగితే నీ వెనక నక్కేవాణ్ణి. మైకులో నా ఊపిరే వినపడుతోంది. చివరికి ఒక్క ముక్క వచ్చింది.

"ముందు చెప్పండి మేడం."

"ఏం చెప్పాలి?"

"కారొస్తుందని. ఒక్క రోజు ముందు."

మేడం నవ్వింది. "పెంచేవాళ్లకి వారం ముందే చెప్తున్నాం కదా. పిల్లలకి చెప్పొద్దంటాం, అంతే. చెప్తే ఏడుస్తారు, అన్నం తినరు, ఎక్కడో దాక్కుంటారు."

"చెప్పకపోయినా దాక్కుంటున్నాం మేడం. ఇవాళ నేను బాత్రూంలో దాక్కున్నా."

అందరూ నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. నేను జోకెయ్యలేదమ్మా!

నా పక్కన నర్సు ట్రైనింగు చేసే అక్క ఉంది, ఆమె కూడా హోంలోనే పెరిగింది. ఆమె నవ్వలేదు. మైకు లాక్కుని, "క్లాసు జరుగుతుంటే ఎవరన్నా తలుపు తోశారంటే ఇప్పటికీ నేను బ్యాగు సర్దేసుకుంటా. ఏడిస్తే ఏడవనివ్వండి మేడం. ఏడవడానికి కూడా టైమివ్వరా?" అంది. అప్పుడు మేడం ఏమందో తెలుసా? "చాలా మంచి సలహాలు. ఇకనుంచి కార్లో బొమ్మలు పెడదాం."

బొమ్మలు! మేమడిగింది ఒక్క మాట, వాళ్లిచ్చేది ఎలుగుబంటి. పిలిచి కుర్చీ వేసి బిస్కెట్ పెట్టి, మేం చెప్పింది తప్ప అన్నీ విన్నారు. కమిటీలో వేశాం, మళ్లీ నెలా రమ్మన్నారు. పోయినా ఒకటే, పోకపోయినా ఒకటే అనిపించింది.

ఇక్కడిదాకా ఊరికే రాసేశా. అసలుది ఇప్పుడు చెప్తున్నా. నువ్వు కూర్చో.

తిరిగొచ్చేటప్పుడు డ్రైవరు మాటల్లో అన్నాడు, "బుధవారం మళ్లీ ఈ రోడ్డే నాకు. పక్క ఊళ్లో రైలు గేటు దగ్గర బట్టలు కుట్టే ఆవిడ ఉంది. ఆవిడ ఇంట్లో ఉండే పాపని బడి నుంచి పెద్ద హోంకి తీసుకెళ్లాలి. రెండు జడలేసుకుంటుంది, ముద్దుగా ఉంటుంది. ఎక్కడా అనకు బాబూ." నేనెవరో అతనికి తెలీదు కదా. ఊఁ అన్నా. ఊఁ అని నీకు చెప్పేస్తున్నా. తెలిస్తే కమిటీలోంచి తీసేస్తారు. తీసెయ్యనీ, ఎలుగుబంట్లని కూర్చోబెట్టుకుంటారు.

నీకు చెప్దామని ఫోను తీశా. అప్పుడు మేడం మాట గుర్తొచ్చింది. పెంచేవాళ్లకి ముందే చెప్తామంది కదా. నువ్వు పొద్దున పెట్టిన మెసేజ్ మళ్లీ చదివా. చెల్లికి ఉన్ని కోటు కుడుతున్నా అన్నావ్. ఈ ఎండల్లో ఉన్ని కోటెందుకమ్మా?

ఆ రోజు నా బ్యాగులో కూడా స్వెట్టర్ ఉంది. అదీ ఎండాకాలమే. చూసుకోకుండా పెట్టేశావనుకున్నా. కొత్త చోట దాన్నే దిండు చేసుకుని పడుకున్నా, అమ్మకి తెలిసుంటే పంపేదే కాదు అనుకుంటూ. ఇన్నేళ్లూ అదే అనుకున్నా. ఇవాళ తెలిసింది, చలికాలానికి నేను నీ దగ్గరుండనని నీకు ముందే తెలుసని.

ఆఫీసోళ్ల మీద కోపం నాకు పాతదే. నీ మీద కొత్త. ఏం చేసుకోవాలో తెలీట్లేదు. చెప్తే ఇంక పిల్లల్నివ్వం అని బెదిరించారా? బెదిరించే ఉంటారు. వాళ్లు ఏసీలో కూర్చుని నీ నోరు నొక్కారు, నా దగ్గర నిన్ను దొంగని చేశారు. అది తలుచుకుంటే బల్ల మీదున్న పానా తీసి విసిరేద్దామనిపిస్తోంది.

బుధవారం నేను ఆ బడి గేటు దగ్గరుంటా. మేస్త్రిని సెలవడిగా. కారు ఆపలేను, నాకు తెలుసు. కానీ చెల్లి ఎక్కేటప్పుడు చెయ్యి ఊపడానికి ఒకడన్నా ఉండాలి కదా. మిగతాది నా వల్ల కాదు. నేను చెప్తే ఎవడో మెకానిక్ అన్న చెప్పినట్టు ఉంటుంది. నువ్వు చెప్తే అమ్మ చెప్పినట్టు.

ఇట్లు,
నువ్వు టాటా చెప్పి బడికి పంపిన నీ పెద్దోడు

మిషన్ మీదే ఉన్నావా, చదివావా? బుధవారం పొద్దున జడలేసేటప్పుడు చెల్లికి ఏం చెప్తావమ్మా?