తుడిచిన మాట

నవంబర్ 3, సోమవారం
షో మొదలైంది. చిక్కడపల్లిలో తొమ్మిది మెట్లు ఎక్కితే ఒక కిరాయి గది. ఒక పలక, తడిగుడ్డ, నేను. మిమ్మల్ని బాధపెట్టిన మాట రాయండి, ఆఖరిసారి పైకి చదివి తుడిచేస్తాను అని బోర్డు పెట్టాను. పదకొండు మంది వచ్చారు. ఇది ఆర్ట్ అని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

నవంబర్ 5
అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కి చదివే అంబిక మొన్న ‘ఎప్పుడు’ అని రాసింది. ఉద్యోగం ఎప్పుడని వాళ్ల నాన్న రోజూ అడిగేవాడట. ఇవాళ మళ్లీ వచ్చింది. ఆయన ఫోన్ చేసి, ఆ మాట దగ్గరికి రాగానే ఊరికే ఊపిరి పీల్చి పెట్టేస్తున్నాడట. తను నవ్వింది. నేనూ నవ్వాను గానీ, తను వెళ్లాక పలకను తిప్పి చూశాను.

నవంబర్ 6, మధ్యాహ్నం
పక్క బిల్డింగ్‌లో ఇటుకలు మోసే ఆమె వచ్చింది. పాలమూరు మనిషి. రాయడం రాదు, నన్నే రాయమంది. మేస్త్రీ, ఓనరు, చాయ్ బండివాడు, అందరూ ఆమెను ‘లేబర్’ అనే పిలుస్తారట. “జర అది తుడిచెయ్ అక్కా, మనిషి లెక్క పిలుస్తరేమో.” తుడిచాను. నా చెయ్యి పట్టుకుని మురిసిపోయింది. పేరు అడగలేదు.

నవంబర్ 8
ఇటుకలు మోసే ఆమెను ఎవరూ పిలవడం లేదట. పొద్దున నారాయణగూడలో కూలీలు నిలబడే అడ్డాకు వెళ్లి చూశాను. మేస్త్రీ ఆమెకు అటూ ఇటూ ఉన్నవాళ్లను వేలు చూపి తీసుకుపోయాడు. ఎదురుగా నిలబడ్డా అతని చూపు ఆమె మీద ఆగలేదు. చాయ్ బండివాడు గ్లాసు అందించలేదు. ఆ మాట తనకు తిరిగి ఇచ్చెయ్యమని అడిగింది. ఈ డైరీలోనే ఉంది, చదవబోయాను. నాలుక కదల్లేదు.

నవంబర్ 9
నోరు జారితే తీసుకోలేం అంటారు. చెయ్యి జారితే సంగతి ఎవరూ చెప్పలేదు.

నవంబర్ 10
ఆమె భర్త మాసయ్య వచ్చాడు. నిన్న అడ్డాకు పోయిన మనిషి ఇంటికి రాలేదట. పేరు చెప్పమన్నాను, పిలిచి చూద్దామని. తల అడ్డంగా ఊపాడు. వాళ్లింట్లో మొగుడు పెళ్లాం పేరు ఎత్తడట. పెళ్లైన నాటి నుంచి ‘ఏమే’ తప్ప అనలేదట. ఇద్దరం కలిసి మనిషిని మాయం చేశామని అరిచాను. నా తప్పుకు అతని మీద కోపం. అతను ఏడ్చాడు.

నవంబర్ 11, సాయంత్రం ఏడు
మాసయ్య మళ్లీ వచ్చాడు. ఆరింటికి నోరు విప్పాడు. “బాలనాగమ్మా.”

“ఆఁ, వస్తున్న” అని కింద మెట్ల దగ్గర ఆమె గొంతు పలికింది.

గంటైంది. మెట్లెక్కుతున్న అడుగుల చప్పుడు ఆగలేదు. ఉన్నవి తొమ్మిదే.