స్టాట్యూ

జూన్ 3, సోమవారం. మధ్యాహ్నం 1.20

భోజనం బెల్ అయింది. కాలర్ల కట్ట పక్కకు తోసి రాస్తున్నాను. ఈ నోట్‌బుక్ నా మెషిన్ సొరుగులోనే ఉంటుంది. ఇంటికి తీసుకెళ్ళేంత పిచ్చి నాకు లేదు.

మా కుట్టు యూనిట్ పై అంతస్తులో పనివాళ్ళ పిల్లల కోసం క్రెష్ ఉంది. అక్కడి టీచర్ ఇవాళ పిలిచింది. నేల మీద సుద్దతో గీత గీసి పిల్లల్ని దాని మీద నడవమందట. అందరూ నడిచారు, పడ్డారు, నవ్వారు. మా బుడ్డది మాత్రం గీత ముందు నిలబడిపోయిందట. మూడున్నరేళ్ళ పిల్ల రెండు కాళ్ళూ కలిపి గెంతాలి, మెట్టుకో కాలు వేసి ఎక్కాలి, బంతి విసరాలి, మీ పిల్ల ఒక్కటీ చెయ్యట్లేదు, మాటలు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు అంది. పాకి, ఎక్కి, దూకితేనే పిల్లల బుర్రకి పైనేదో కిందేదో, దగ్గరేదో దూరమేదో ఎక్కుతుందట. ఇవాళ బంతి విసిరిన చెయ్యే రేపు పెన్సిల్ పట్టుకుంటుందట. ఇంట్లో ఆడుతుందా అని అడిగింది.

చాలా కుదురైన పిల్లండీ అన్నాను. టీచర్ నావైపే చూసింది. నాకు ఒళ్ళు మండింది.

జూన్ 5

ఇక్కడ కూడా అబద్ధమాడితే ఇక రాయడం ఎందుకు?

దాని కుదురు పుట్టుకతో వచ్చింది కాదు. నేనే నేర్పాను.

పది నెలలప్పుడు పాకుతూ వెళ్ళి ఆయన టీ కప్పు తన్నేసింది. ఫోన్ తడిసింది. ఆయన దాన్ని ఒంటిరెక్క పట్టుకుని గాల్లోకి లేపారు. దాని భుజం టక్కుమంది. నేను అడ్డం వెళ్తే పక్కటెముకల్లో తన్నారు. ఆయన పరుపుల షోరూమ్‌లో సేల్స్‌మన్. కస్టమర్లతో ఎంత మెత్తగా మాట్లాడతారో! ఊరందరికీ సుఖంగా నిద్రపట్టే ఏర్పాట్లు చేసి ఇంటికొస్తారు.

ఆ వారమే మొదలుపెట్టాను. కింద ఆయన స్కూటర్ చప్పుడు కాగానే నేను స్టాట్యూ అంటాను. అది మూల చాప మీద కూర్చుని కదలకూడదు, కిక్కురుమనకూడదు. ఎంత బాగా నేర్చుకుందంటే ముక్కు మీద ఈగ వాలినా తోలుకోదు. చూసినవాళ్ళంతా ఎంత బుద్ధిమంతురాలో అనేవారు. నేను మురిసిపోయేదాన్ని. సిగ్గులేని మొహాన్ని.

జూన్ 8, శనివారం

టీచర్ నాకు హోంవర్క్ ఇచ్చింది. నేల మీద రంగు టేపుతో గీత. వరసగా దిండ్లు, వాటి మీదుగా నడక. మేజోళ్ళు చుట్టి బంతులు. సాయంత్రం ఆయన వచ్చేలోగా గంటన్నర దొరుకుతుంది.

నిన్న బుడ్డది దిండు ముందు నిలబడి నా మొహం చూసింది. ఇక నేనే గెంతాను. ముప్పయ్యొక్కేళ్ళ గాడిదని, కొంగు నడుముకి బిగించి గెంతాను. మూడో గెంతుకి తలుపు చప్పుడైంది. కింది వాటాలో ఉండే గార్డు తాతగారు. రైళ్ళలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. తిట్టడానికి వచ్చారనుకున్నాను. కాదు. మూడేళ్ళుగా పైనుంచి ఒకే రకం చప్పుడు వింటున్నానమ్మా, ఇది వేరేలా ఉంటే చూసిపోదామని వచ్చా, కానివ్వండి కానివ్వండి అన్నారు.

తలుపేసుకుని ఏడ్చాను. ఆ తర్వాత కోపమొచ్చింది. మూడేళ్ళూ చెవులు బాగానే పనిచేశాయి, కాళ్ళే పనిచెయ్యలేదా ముసలాయనకి?

జూన్ 14

గెంతింది! రెండు కాళ్ళూ ఒకేసారి లేచాయి. అరంగుళం ఉంటుందేమో, నేను కాలర్ మడత కొలిచినట్టు కొలిచి చెబుతున్నాను, అరంగుళం. దిగాక తన కాళ్ళవైపు ఇవెవరివన్నట్టు చూసుకుంది. ఇంకోటి అంది. ఆ మాట దాని నోట ఎప్పుడూ వినలేదు. ఇంకోటి, ఇంకోటి అంటూ పదిహేడు సార్లు గెంతింది.

ఆ తర్వాత మేజోళ్ళ బంతులు ఏరుకొచ్చి ఎర్రవి ఒకచోట, నీలంవి ఒకచోట పెట్టింది. ఎవరూ చెప్పలేదు. ఆయన నల్ల మేజోళ్ళు మాత్రం విడిగా తీసుకెళ్ళి మంచం కిందికి తోసింది. చూసి నవ్వాను. నవ్వాక భయమేసింది.

జూన్ 19. మధ్యాహ్నం 1.05

పొద్దున ఆయన వెళ్ళాక కాసేపు ఆడించాను. టేపు పీకడం మర్చిపోయి వచ్చేశాను. ఇవాళ షోరూమ్ ఒంటిపూటే.

జూన్ 22

ఏమిటీ గీత అని చాలా మర్యాదగా అడిగారు. చెప్పాను. గోళ్ళతో పీకమన్నారు. మోకాళ్ళ మీద కూర్చుని పీకుతుంటే జుట్టు పట్టుకుని బీరువా తలుపుకేసి కొట్టారు. ఒకటి, రెండు, మూడు. ఇనప తలుపు సొట్టపోయింది. సొట్ట పడిందని మళ్ళీ కొట్టారు. కంట్లోకి రక్తం కారుతుంటే మూలకి చూశాను. బుడ్డది చాప మీద స్టాట్యూ. చాప తడిసిపోయి ఉంది. ఏడవలేదు. ఏడవకూడదని నేర్పింది నేనే కదా.

నుదుటి మీద నాలుగు కుట్లు. నేనైతే ఇంకా నీటుగా వేసేదాన్ని.

మెషిన్ తగిలిందని సూపర్‌వైజర్ అక్కకి చెప్పాను. చెంప మీద అచ్చు చూసి, ఏ మెషినే తల్లీ వేలికి ఉంగరం పెట్టుకునేది అంది.

జూన్ 27

ఇంట్లో ఆటలు బంద్. భోజనం టైములో క్రెష్ మెట్ల మీద నేర్పుతున్నాం. టీచర్ కింద నిలబడుతుంది, నేను పైన. మొదట మెట్టుకి రెండు కాళ్ళూ ఆనించేది. ఇప్పుడు గోడ పట్టుకుని మెట్టుకో కాలు. చిన్న స్టూలు లాక్కెళ్ళడం, ఎక్కడం, అలమరలోంచి బొమ్మ అందుకోవడం కూడా వచ్చేశాయి. బొమ్మ అందకపోతే దిగి, స్టూలు జరిపి మళ్ళీ ఎక్కుతోంది. అదిగో ఆ జరపడమే ఆలోచన అంటే అని టీచర్ మురిసిపోయింది.

జూన్ 29

కొట్టాను. నేను. బుడ్డదాన్ని.

నిన్న సాయంత్రం మంచం మీంచి దూకి పకపకా నవ్వింది. అప్పుడే స్కూటర్ చప్పుడైంది. స్టాట్యూ అన్నాను. ఇంకా నవ్వుతోంది. చెంప మీద ఈడ్చి కొట్టాను. ఐదు వేళ్ళూ తేలాయి. చెయ్యి నాదే, విసురు మాత్రం ఆయనది.

ఇంత చిన్న చెంప మీద నా చెయ్యి మొత్తం ఎలా పట్టిందో!

జులై 2

గార్డు తాతగారి దగ్గరికి వెళ్ళి, సాయంత్రం ఆరు దాటాక మీ తలుపు గడియ వెయ్యకుండా ఉంచుతారా అని అడిగాను. ఎందుకని అడగలేదు. ముందే అడగాల్సింది నేనే తల్లీ అని తల దించుకున్నారు. తలుపు పక్కన, బుడ్డదానికి అందే ఎత్తులో మేకు కొట్టి తన పాత విజిల్ తగిలించారు.

మా మెట్లు పద్దెనిమిది, మధ్యలో ఒక మలుపు. ఆయన లేనప్పుడు దిగి వెళ్ళి విజిల్ ఊదడం బుడ్డదానికి కొత్త ఆట. ఉమ్మి తప్ప చప్పుడు రావట్లేదు.

జులై 6

ఊదింది! తాతగారు జెండా లేదని చేతిరుమాలు ఊపారు.

జులై 10, బుధవారం. ఆసుపత్రి

టీచర్ నోట్‌బుక్ తెచ్చిచ్చింది. ఎడం చేత్తో రాస్తున్నాను.

నిన్న సాయంత్రం ఆరున్నర. షర్ట్ మీద ముడత పోలేదన్నారు. వేడిగా ఉన్న ఇస్త్రీపెట్టె నా కుడి ముంజేతి మీద ఆనించి పట్టారు. చర్మం కాలిన వాసన వచ్చింది. అరిస్తే నోట్లో షర్ట్ కుక్కారు. గోడకి నొక్కి గొంతు పట్టుకున్నారు. ఇవాళ ఆగడని అర్థమైంది. అవును, ఆగడని. ఇక ఆయనా గీయనా లేదు నాకు.

షర్ట్ ఉమ్మేసి అరిచాను. ఏమని అరిచానో తెలుసా? స్టాట్యూ అని. తాతగారి దగ్గరికి పరిగెత్తమని కాదు. మూడేళ్ళ అలవాటు నా నోటికి.

బుడ్డది చాప మీంచి నన్ను చూసింది. వాడిని చూసింది. లేచింది.

వంటింటి స్టూలు లాక్కుంటూ తలుపు దగ్గరికి వెళ్ళింది. ఎక్కింది. గడియ అందలేదు. దిగింది, స్టూలు జరిపింది, మళ్ళీ ఎక్కింది. గడియ తియ్యడం నేను నేర్పలేదు. వాడు నా గొంతు వదిలి అటు తిరిగాడు. అప్పటికే గడియ జారింది. నేను నేల మీద పడి వాడి కాలు కావలించుకున్నాను. తన్నాడు. కొరికాను. పిక్కలో పళ్ళు దిగబడి నోరంతా ఉప్పగా అయ్యేదాకా వదల్లేదు. వాడు స్టూలు ఎత్తి నా వీపు మీద మోదుతూనే ఉన్నాడు.

నాకు మెట్లు వినిపిస్తున్నాయి. టప్, టప్, టప్. మెట్టుకో కాలు. మలుపు దగ్గర ఆగింది. నా ప్రాణం కూడా అక్కడే ఆగింది. మళ్ళీ టప్, టప్.

విజిల్.

పొడుగ్గా, ఊపిరంతా పెట్టి ఊదిన విజిల్. ఒకటి కాదు. ఊదుతూనే ఉంది. వాటాల తలుపులన్నీ ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అందరికంటే ముందు, చేతిలో ఇనప గడ్డపారతో, డెబ్భై రెండేళ్ళ గార్డు తాతగారు పైకి వచ్చారు. మెట్లు రెండేసి ఎక్కారట.

వాడిని పోలీసులు తీసుకెళ్ళారు. నాకు రెండు పక్కటెముకలు విరిగాయి. బుడ్డదానికి ఒక్క గీత కూడా పడలేదు.

జులై 21, ఆదివారం

టీచర్ వాళ్ళ పెరటి గది. నేల మీద కొత్త టేపు వేశాను, పీకక్కర్లేదు.

బుడ్డది వచ్చి నన్ను స్టాట్యూ అంది. నిలబడ్డాను. చుట్టూ తిరిగి చూసింది. నా చేతులు వణుకుతున్నాయి, ఆపుదామంటే ఆగట్లేదు.

అమ్మా, నువ్వు ఔట్ అంది.