చెవి గుర్తు లేని నెత్తురు

జిల్లా బయోబ్యాంకు అవగాహన అధికారి గారి సముఖమునకు,
తొండూరు మండలవాసి తిరుపాల్ సమర్పించు అర్జీ.

విషయం: పాత నెత్తురుకు జవాబు చెప్పకుండా కొత్త నెత్తురు అడుగుట గురించి.

అయ్యా,

పదిహేనేళ్ల కిందట ఒక పరిశోధక డాక్టరు మా గొర్రెలకాపర్ల వీధికి వచ్చి, పరిశోధనల కోసం నెత్తురు దాచిపెట్టే తమ బయోబ్యాంకుకని నా భార్య పెద్దసుబ్బమ్మ నెత్తురు తీసుకున్నాడు. "నా నెత్తురుతో నీకేం పని నాయనా?" అని ఆమె అడిగింది. "తేడా కనబడితే నేనే వచ్చి చెప్తా పెద్దమ్మా" అన్నాడు. మా మజ్జిగ తాగి పోయాడు. మళ్లీ రాలేదు. ఆమె ఆయాసంతోనే పోయింది.

1. ఇప్పుడు నా మనవరాలు రజనికి అదే ఆయాసం. అవ్వ జబ్బేమిటో తెలిస్తే దారి దొరకవచ్చునని ప్రొద్దుటూరు డాక్టరు అంటున్నాడు. ఆ సంగతి తమ చలిపెట్టెలో ఉన్నది.

2. అడగడానికి తమ ఆఫీసుకు వచ్చాను. గోప్యత కోసం సీసాల మీద పేర్లు తీసేశామని, ఏది ఎవరిదో ఇక చెప్పలేమని తమ సిబ్బంది గర్వంగా సెలవిచ్చారు. అయ్యా, మేము గొర్రె చెవికి కోత గుర్తు పెడతాము. ఏ మందలో కలిసినా దాన్ని చూసి ఇంటికి తోలుకొస్తాము. ఆ చెవి కొన తెగ్గోసి గుర్తు మాయం చేసేవాణ్ణి మా వైపు దొంగ అంటారు. తమ వైపు శాస్త్రజ్ఞుడు అంటారు కాబోలు. ఈ విషయం మీద నేనూ పుస్తకాలు చదివాను. పేరు దాచడం వేరు, పారేయడం వేరు.

3. తమరు వివిధ వర్గాలకు అవగాహన కలిగించిన తీరు చూశాను. ప్రొద్దుటూరులో ముస్లిం ఆడవాళ్లకు రంజాన్ నెలలో, మిట్టమధ్యాహ్నం సభ పెట్టి పండ్లరసం పంచారు. కుట్టుపని చేసే మైమూన్ డబ్బా తిరిగి ఇచ్చి, "రోజా ఉండాము సార్, నువ్వే తాగు. మా రక్తంలో ఏముందో మాకు చెప్తారా, చెప్పరా?" అన్నది. తమరు తెర మీద తర్వాతి బొమ్మ చూపించారు.

కావున మా నెత్తురు అడగడానికి తమరు బుధవారం పెట్టబోయే తొండూరు సభకు ముందే ఆ సీసా వెతికించి, అందులో ఏముందో రజని డాక్టరుకు తెలపాలి. పేరు నిజంగానే పారేసి ఉంటే ఆ మాట మైకులో చెప్పాలి. ఆ తర్వాత ఎవరు చెయ్యి చాపుతారో చూసుకోండి.

తమకు కునుకు పట్టేలోగా చిత్తగించవలెను.

ఈ పని అయ్యేంతవరకు మాత్రమే తమ విధేయుడు,
తిరుపాల్

తా.క. సభ కరపత్రం ఇప్పుడే చేతికొచ్చింది. అందులో ఫొటో చూసి గుర్తుపట్టాను, 'నమ్మకం' అనే అంశం మీద మాట్లాడబోయే పెద్దమనిషి మా మజ్జిగ తాగినవాడే. పోయే ముందు కూడా పెద్దసుబ్బమ్మ "ఆ డాక్టరబ్బోడు వచ్చినాడా?" అని అడిగింది. ఆమెకు అతని పేరు తెలియదు. నాకు తెలుసు. డాక్టర్ చెన్నకేశవ.