నాలుగు ఖాళీలు, ఒక హంతకుడు

సోమవారం, ఉదయం
తీర్మానం! కోడ్ రివ్యూలో ఎవరేమన్నా సరే, "సరే" తప్ప రెండో మాట అనను.

కారణం మామయ్యగారు. ఫోన్ మీద భూతద్దం పెట్టుకుని, ఒక యాప్‌లో డిటెక్టివ్ సీరియల్ చదువుతారు. ఆ యాప్ ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా కోడ్ రాసి పంపొచ్చు, అక్కడివాళ్ళు తప్పొప్పులు చూసి (అదే రివ్యూ), నచ్చితే యాప్‌లో కలుపుతారు. అక్షరాలు పెద్దవి చేసే కోడ్ నేను రాశాను. శుక్రవారం కొత్త వెర్షన్. అందులో పడకపోతే మళ్ళీ మూడు నెలలు ఆగాలి. "ఆదివారం ఆఖరి భాగమమ్మా. హంతకుడెవరో నా కళ్ళతో నేనే చదువుకోవాలి," అన్నారు. మాటిచ్చేశాను.

సాయంత్రం
పంపేశాను! రివ్యూ చేసేది ఆడో మగో తెలియదు. నేను మాత్రం "అత్తగారు" అని పేరు పెట్టుకున్నాను. మా సొంత అత్తగారు పాపం ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. ఆ కోటా అంతా ఇక్కడికి బదిలీ అయినట్టుంది.

మంగళవారం
అత్తగారి మాటలు, నా జవాబులు:
కామా తర్వాత ఒక ఖాళీ వదలండి. సరే.
ఇక్కడ ఒక ఖాళీ ఎక్కువైంది. సరే!
కోడ్‌లో ఈ పేరు మరీ పొట్టి. సరే.
ఇప్పుడు మరీ పొడుగు. సరే!!
భూదేవంత ఓర్పు నాది.

కూరలు తేవడానికి ఖాళీ ఉందా అని మా ఆయన అడిగారు. నా ఖాళీలన్నీ అత్తగారు పట్టుకుపోయారన్నాను. ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు. ఆవిడ నా వైపు చూశారు. సంజాయిషీకి అరగంట పట్టింది.

బుధవారం, ఉదయం
మామయ్యగారి ఫోన్‌లో నా కోడ్ పెట్టి చూశాను. రేగుపండంత అక్షరాలు! భూతద్దం సొరుగులో పడేశారు. నడకకు వెళ్ళి, నేస్తాలందరికీ వంటవాడే హంతకుడని చాటింపు వేసి వచ్చారు.

మధ్యాహ్నం
అత్తగారు: "ఈ లైను నాలుగు ఖాళీలు లోపలికి జరపండి."
"సరే" అని టైప్ చేశాను. చెరిపేశాను. మర్యాదగా ఒక్క మాట అంటే తీర్మానం చెడుతుందా?

కాసేపటికి
అనేశాను. "కోడ్ పనిచేస్తోంది. మీ ఇంట్లో గోడ మీది పటాలు కూడా స్కేలు పెట్టి సర్దుతారా?" అబ్బ, ఎంత హాయిగా ఉందో! "సరే" ఇంత పొడుగుంటుందా అని మా ఆయన అడిగారు.

గురువారం
అత్తగారి దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. రేపే వెర్షన్. నోరా, వీపుకి తేకే అని ఊరికే అన్నారా!

మామయ్యగారు సీరియల్ మీద మండిపడుతున్నారు. హంతకుడని తేలినవాడు దర్జాగా టీ ఇస్తున్నాడట, ఇన్‌స్పెక్టరు తాగుతున్నాడట. అనుమానం వచ్చి నిన్నటి భాగం నా కంప్యూటర్లో తెరిచాను.

"వంటవాడు హంతకుడు కాదు."

ఫోన్‌లో "కాదు" లేదు! అక్షరాలు పెద్దవయ్యేసరికి ఆఖరి మాట తెర అంచు దాటిపోయింది. దాన్ని కింది వరుసకు దించాల్సింది అత్తగారు జరపమన్న ఆ లైనే. నాలుగు ఖాళీలు బయట కూర్చుని, ఏ పనీ చేయడం లేదు. ఈ కోడ్‌లో ఖాళీకి కూడా అర్థం ఉంటుందని నాకు తెలియదా? నాకు తెలుసు. నా కోపానికి తెలియదు.

జరిపాను. సిగ్గు విడిచి రాశాను: "సరే. తప్పు నాదే. మీ మాట విని ఉంటే ఒక అమాయకుడికి నింద తప్పేది."

శుక్రవారం
కలిపారు!!! జవాబు కూడా వచ్చింది. "పటాలు నిజంగానే స్కేలు పెట్టి సర్దుతాను. ఇక్కడ కోడ్ చూసేవాళ్ళు తక్కువ. సోమవారం నుంచి మీరూ రివ్యూ చేస్తారా?" ఇల్లంతా గంతులేశాను. మామయ్యగారు వంటవాడు నిర్దోషి అని నేస్తాలకు చెప్పి, క్షమాపణ అడగడానికి వెళ్ళారు.

ఆదివారం
ఆఖరి భాగం మామయ్యగారు ఒక్కరే, భూతద్దం లేకుండా చదివారు. హంతకుడెవరని అడిగితే చెప్పలేదు. "నువ్వే చదువుకో. అక్షరాలు బాగా పెద్దవి," అన్నారు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

సోమవారం
కొత్త తీర్మానం! ఖాళీల కోసం ఎవరినీ వేధించను.

ఎవరో కొత్తవాళ్ళ కోడ్ వచ్చింది. మూడో లైనులో కామా తర్వాత ఖాళీ లేదు. చూడనట్టు ఊరుకున్నాను. వెళ్ళి టీ తాగి వచ్చాను. ఇంకా లేదు.

"కామా తర్వాత ఒక ఖాళీ వదలండి," అని రాశాను. క్షణంలో జవాబు: "సరే."

ఆ "సరే" నాకు బాగా తెలుసు. నాకేం పేరు పెట్టుకున్నారో ఏమో! ఇంకో రెండు కామాలున్నాయి. తీర్మానం రేపటి నుంచి.