పెద్దాయన వకీలు అడిగిన మాట

పులివెందుల
4-2-1986

ప్రియమైన అక్క లీలమ్మకు, జయకర్ వందనాలు.

ఎన్నికల మర్నాడు పొద్దున నా టీ అంగడి ముందు తిప్పన్నను నరకడం చూశానని పోలీసులకు చెప్పింది నేనే కదా. వచ్చే గురువారం కోర్టులో సాక్ష్యం. నరికించిన పెద్దాయన నన్ను పిలిపించి చౌకడిపో నా పేర రాయిస్తానన్నాడు. ముందురోజు తాగానని, హ్యాంగోవర్‌లో ఏం చూశానో తెలియదని చెప్పాలట. "తెలుగులో చెప్తే తాగుబోతంటారప్పా, ఇంగ్లీషులో చెప్తే జబ్బనుకుంటారు" అన్నాడు వాళ్ల వకీలు. నువ్వు ఇంగ్లీషు టీచరువి. ఆ మాటకు అర్థమేంది, యాడనుంచి వచ్చింది? రాసి పంపు. ఇది చదివి కాల్చెయ్.

నీ తమ్ముడు

జమ్మలమడుగు
7-2-1986

ప్రియమైన జయకర్‌కు,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను, పొంగిపోకు. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసానికే ముఖం చిట్లించే నీకు హ్యాంగోవర్ కావాల్సి వచ్చింది. తిప్పన్న పోయాక ఇక్కడ పుట్టింటికొచ్చిన అతని పెళ్లాం తిరుపాలమ్మ రోజూ నాకు పాలు పోస్తుంది. "మీ తమ్ముడుండాడు, అది చాలక్కా" అంటుంది. గొర్రె కసాయివాణ్ని నమ్మినట్టు.

అడిగావు కాబట్టి చెబుతాను. తెలిసిన జవాబు చెప్పకపోతే నాకు ముద్ద దిగదు. మొదట్లో ఆ మాటకు తాగుడుతో పనిలేదు. పాతకాలం పోయినా పోకుండా మిగిలిపోయినదాన్ని అలా అనేవాళ్లు. తర్వాత తాగుబోతుల తెల్లవారికి అంటగట్టారు. తల పగులుతుంది, నాలుక పిడచకట్టుకుపోతుంది, ఎండ కళ్లలో పొడుస్తుంది, ఎదుటి మనిషి ఎవరో తెలియడానికి చాలాసేపు పడుతుంది. సిగ్గు మాత్రం ఉంటుంది. ఆ ఒక్కటీ నీకు లేదు.

లీలమ్మ

పులివెందుల
15-2-1986

ప్రియమైన అక్కకు,

నువ్వు రాసింది రాసినట్టు చెప్పాను. నేను తాగనివాణ్నని ప్రభుత్వ వకీలు ఎంతో లాగాడు. తల, నాలుక, ఎండ, వరసగా చెప్పేసరికి జడ్జి గారు తలూపి రాసుకున్నారు. తీర్పు ఇరవై నాలుగున. నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. డిపో వస్తే నీకు చక్కెర పంపుతాను.

నీ తమ్ముడు

జమ్మలమడుగు
18-2-1986

జయకర్‌కు,

నిన్ను అసహ్యించుకుందామని కూర్చుంటే ముందు నా మీద నాకే అసహ్యం వేసింది. నా తెలివి చూపించుకోబోయి నీ అబద్ధానికి ప్రాణం పోసింది నేనే. ఈ పొద్దున తిరుపాలమ్మ పాలు పోస్తూ, "మీ తమ్ముడు తాగుతాడంట గదా, పాపం, నాకు తెల్లేదక్కా" అంది. నీ మీద జాలిపడింది జయకర్. నేను చుక్క తాగలేదు, అయినా తల ఎత్తలేకపోయాను.

నీ మొదటి ఉత్తరం నేను కాల్చలేదు. దాన్ని ఆమెకు చదివి వినిపించి చేతిలో పెట్టాను. పదకొండు గంటల బస్సుకు ఇద్దరం ప్రభుత్వ వకీలు దగ్గరికి పోతున్నాం. నా ఉత్తరం నువ్వు కాల్చినా ఫరవాలేదు. అందులో ఏం రాశానో బోనెక్కి నేనే చెబుతాను.

చక్కెర పంపొద్దు.

లీలమ్మ